నత్త చేపయిన వైనం

తన మూడున్నర ఎకరాల మెట్టచేలో ఒక చెరువు ఉందని సుంకులమ్మకు బోర్డు పాతిన రోజున తెలిసింది.

పొద్దున్నే కొడవలి పట్టుకుని వెళ్ళేసరికి, వేరుశనగ చాళ్ళ మధ్య నీలం రంగు రేకు బోర్డు కొత్త పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడి ఉంది. వయోజన కేంద్రంలో అక్షరాలు నేర్చుకుని రెండేళ్ళే అయింది కాబట్టి, సుంకులమ్మ ఎక్కడ రాత కనిపించినా వదిలిపెట్టదు. కొంగు నడుముకు దోపుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో అక్షరాన్నీ ఏరుతూ చదివింది. 'ప్రమాదం. లోతైన నీరు. ఈత నిషేధం. ఇట్లు, మత్స్యశాఖ.' మళ్ళీ మొదటినుంచి చదివింది. తప్పు తన చదువులోనే ఉందనుకుని పక్కచేలోని తిప్పక్కను కేకేసింది.

"తిప్పక్కా, ఇట్ల రా! ఈడ నాకు ఈత అని కనపడతాంది."

"నాకేం సదువొచ్చు వదినా? బొమ్మ మాత్రం తెలుస్తాంది. ఎవరో మునిగిపోతాండాడు పాపం. చేతులు పైకెత్తినాడు సూడు."

ఇద్దరూ చుట్టూ చూశారు. మునగడానికి ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. ఎర్రగట్లపల్లిలో ఈత వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. నేర్చుకోవాలంటే ముందు నీళ్ళుండాలి కదా!

దీనికంతటికీ మూలం ఒక నత్త.

రెండు నెలల కింద డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే రుక్సానా మేడం భూతద్దం పట్టుకుని సుంకులమ్మ చేనిగట్టు మీద పగలంతా బోర్లా పడుకుంది. గట్టురాళ్ళ అడుగున బొటనవేలి గోరంత నత్తలు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. బెల్లం రంగు గుల్ల. దాని మీద ఆరు చుట్లు. చుట్టుచుట్టునా దువ్వెనతో గీసినట్టు సన్నటి గీతలు, చివరి చుట్టు మీద ఒక్క నల్లటి పట్టీ. వానలు లేనన్నాళ్ళూ ఆ నత్త తన గుల్ల నోటికి తెల్లటి పొర ఒకటి అడ్డం వేసుకుని, లోపల ముడుచుకుని నిద్రపోతుంది. వాన చినుకు తగిలాక పొర తొలగించి, నాలుగు కొమ్ములూ బయటపెట్టి, రాలిన ఆకులు తినడానికి బయలుదేరుతుంది.

"ఇంతవరకు ఎవరూ గుర్తించి రాయని జాతి ఇది సుంకులమ్మా! వేరెక్కడా లేదు, ఈ గట్టు మీదే ఉంది" అంది రుక్సానా మేడం, కళ్ళు చెమరుస్తుండగా.

"మేం దీన్ని రాతినత్త అంటాం మేడం. మా అమ్మ కూడా అట్లే అనేది. రాయాలని మాకు తోచల్యా" అంది సుంకులమ్మ.

సరిగ్గా అప్పుడే 'మండలానికో ప్రాణి' అనే పథకం వచ్చింది. ప్రతి మండలమూ తనదంటూ ఒక ప్రాణిని ఎంచుకుని, నెలాఖరులోపు కంప్యూటర్లో నమోదు చేసి, కంటికి రెప్పలా కాపాడాలి. పక్క మండలం వాళ్ళు మొదటి రోజే నెమలిని పట్టేశారు. అవతలి మండలం జింకను తీసుకుంది. కొండ వెనక మండలానికి ఏదీ మిగలక తేలును రాసుకున్నారు. కాళ్ళున్నాయి కాబట్టి తేలు పశువుల కింద చేరింది. దానికి ఏడాదికి రెండుసార్లు గాలికుంటు టీకా వేయించాలన్న సంగతి వాళ్ళకు తర్వాత తెలిసింది.

ఈ మండలానికి నత్త దొరికింది. నమోదు చేసేవాడు మండలాఫీసు సీనియర్ అసిస్టెంటు చక్రపాణి. కంప్యూటర్ ముందు కుర్చీలో ఆయన, ఎదురుగా నిపుణురాలిగా రుక్సానా మేడం, భూమి యజమానిగా సుంకులమ్మ కూర్చున్నారు.

"ప్రాణి వర్గము అని అడుగుతా ఉంది మేడం. పశువులు, పక్షులు, చేపలు. మూడే ఉన్నాయి. దీనికి కాళ్ళెన్ని?"

"కాళ్ళు లేవండీ. ఒకటే పాదం. దాని పొట్టే పాదం, దాంతోనే పాకుతుంది."

"ఒంటిపాదం పశువు మా పట్టికలో లేదు. రెక్కలు?"

"లేవు."

"అయితే చేప."

రుక్సానా మేడం కుర్చీలోంచి లేచింది. "చేప ఎట్లవుతుందండీ? ఇది నేల నత్త. దీనికి ఊపిరితిత్తి ఉంది. నీళ్ళలో వేస్తే ఉక్కిరిబిక్కిరై చస్తుంది!"

చక్రపాణి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేడం, ప్రభుత్వము మూడు రకముల ప్రాణులను మాత్రమే గుర్తించియున్నది. అందులో రెండు ఇది కాదని తమరే సెలవిచ్చినారు. మిగిలినదేదో నేను చెప్పడం లేదు, లెక్క చెబుతా ఉంది. తమరి అభ్యంతరమును అనుబంధముగా జతపరుస్తాను."

జతపరిచాడు. అప్పటినుంచి ఆ అనుబంధాన్ని ఎవరూ చూడలేదు.

నత్తను చేపగా ఒప్పుకున్నాక కంప్యూటర్ జలాశయం పేరు అడిగింది. 'సుంకులమ్మ చెరువు' అని ఎదుటివాళ్ళకు చెప్పకుండానే కొట్టాడు చక్రపాణి. విస్తీర్ణం మూడున్నర ఎకరాలు. లోతు దగ్గర సున్నా వేస్తే కంప్యూటర్ ఎర్రబడి వెనక్కి తోసింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ తోసింది.

"ఏమమ్మా, నీ చేలో ఎంత లోతు తవ్వినారు?"

"బోరు ఆరువందల ఎనభై అడుగులు ఏసినాం సార్. దుమ్ము తప్ప ఇంకేం రాల్యా."

"దుమ్ము సంగతి ఇందులో అడగలేదు. లోతు చెప్పినావు, చాలు."

ఆ విధంగా ఎర్రగట్లపల్లికి, ఊళ్ళో ఎవరికీ తెలియకుండానే, జిల్లా రికార్డుల్లోకెల్లా లోతైన చెరువు వచ్చింది. బోర్డు ఆ తర్వాత వచ్చింది. బోర్డు వెనకాలే పడవ వచ్చింది.

పడవను ట్రాక్టరు తొట్టిలో పెట్టుకుని మత్స్యశాఖ అధికారి ఓలేటి వీర్రాజు వచ్చాడు. గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన మనిషి. ఈ జిల్లాకు బదిలీ అయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళూ ఆ పడవ ఆయన ఆఫీసు మెట్ల కింద ఉంది. అందులో అటెండరు మిరపకాయలు ఎండబెట్టుకునేవాడు. ఆ ఘాటు ఇంకా పోలేదు.

"చెరువెక్కడండీ అమ్మా?" అన్నాడు ట్రాక్టరు దిగి.

"ఇదే సార్" అని సుంకులమ్మ వేరుశనగ చేను చూపించింది.

వీర్రాజు చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. తర్వాత చేతిలోని నియమావళి తెరిచాడు. "తనిఖీ పడవలోనే జరగాలండి. నడిచి చేసిన తనిఖీ చెల్లదండి" అన్నాడు మెల్లిగా.

"పైరు మీద మాత్రం లాగనీను సార్. గట్టెంబడి పోదాం" అంది సుంకులమ్మ. పడవకు తాడు కట్టి, తన ఎద్దులను పూన్చింది. వీర్రాజు కాషాయరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, ఆమెకూ ఒకటి ఇచ్చాడు. సుంకులమ్మ జన్మలో మొదటిసారి పడవెక్కి, గట్టు మీది కుదుపులకు రెండు చేతులా అంచు పట్టుకుని కూర్చుంది. పట్టు తప్పితే కింద ఆరువందల ఎనభై అడుగులు.

తిప్పక్క గట్టున నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఏం వదినా, పడవేసుకోని ఏ ఊరికి పోతాండావు?"

"మీ సేనుకే వస్తాండా! రేవు ఊడ్చి పెట్టు!"

వీర్రాజు ఇవేవీ పట్టించుకోకుండా తనిఖీ నివేదిక రాసుకున్నాడు. 'నీటిమట్టము: హెచ్చుతగ్గులు లేవు. అలలు: లేవు. నీటి స్వచ్ఛత: అత్యుత్తమము. పడవలో కూర్చుండగా చెరువు అడుగు స్పష్టముగా కనిపించినది.'

పడవ దిగాక సుంకులమ్మ ఆగలేక అడిగింది. "నిజం చెప్పండి సార్. మీకు నీళ్ళు కనపడినాయా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆరేళ్ళనుంచీ చేపల ఆఫీసరునండి. ఈ జిల్లాలో చెరువులున్నాయి గానీ వాటిలో నీళ్ళుండవండి. మొత్తం మీద రికార్డు ప్రకారం ఎండనిది మీదొక్కటేనండి. దీన్ని నేను కాదంటే ఇంక నాకేం మిగుల్తుంది చెప్పండి?"

ఆ మాటకు సుంకులమ్మకు జాలేసింది. ఇంటికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. చెరువు ఒక బోర్డుతో, ఒక పడవతో సరిపెట్టుకుంటే తనకేం నష్టమని కూడా అనుకుంది.

కానీ ఆ వారమే వాన పడింది. పైరు పండి, ఎప్పుడెప్పుడు పీకుదామా అని ఎదురుచూస్తున్న సమయానికి రెండు మంచి పదునులు. భూమి వెన్నలా మెత్తబడింది. ఇప్పుడు చెట్టు పట్టి లాగితే కాయలన్నీ వేళ్ళతో సహా పైకొస్తాయి. వారం పది రోజులు దాటితే లోపలే మొలకలొస్తాయి, లేదా మట్టి బిగుసుకుని కాయలు తెగి భూమిలోనే ఉండిపోతాయి. సుంకులమ్మ ఏడాదికి పండించేది ఈ ఒక్క పంటే. నూనె, ఉప్పు, పప్పు, బట్టలు, ఎద్దుల మేత, అన్నీ దీనిలోంచే రావాలి.

వానకు నత్తలు కూడా నిద్రలేచి, జతకట్టి, గట్టురాళ్ళ కింద గుడ్లు పెట్టాయి. ఆ ముచ్చట రుక్సానా మేడం ఒక పత్రికలో రాసింది. అది చదివిన మండలాఫీసు వాళ్ళు చేలోని బోర్డుకు నోటీసు అంటించారు.

'సుంకులమ్మ చెరువు నందలి మత్స్యసంపద సంతానోత్పత్తి దశలో ఉన్నందున, నేటినుండి అరువది దినములు చెరువు గర్భమును ఏ విధముగానూ కదిలించరాదు. అతిక్రమించినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును.'

సుంకులమ్మకు అది చదవడానికి పావుగంట పట్టింది. చదివిన వెంటనే మండలాఫీసుకు వెళ్ళింది.

"శెనక్కాయ పీకల్ల సార్. వారంలో పీకకుంటే మొలకలొస్తాయి."

"పీకితే భూమి కదులునా, కదలదా?" అన్నాడు చక్రపాణి.

"కదుల్తుంది."

"ఆ భూమి రికార్డు ప్రకారం చెరువు గర్భము. కాబట్టి వీలుపడదు."

"అయితే చెరువు తీసేయండి సార్. నాకు చెరువొద్దు."

"అంత తేలిక కాదమ్మా. చెరువు ఎండినట్టు ధ్రువపత్రం కావాల. ఎండిందనడానికి చేపలు చచ్చి ఉండాల. చచ్చినాయా?"

"యాడ సార్, గట్టు మీద ఊరేగుతాండాయి."

"చేపలు బతికున్నాయంటే నీళ్ళున్నట్టే." ఆయన ఫైలు మూయబోయి ఆగాడు. "అది సరే, చెరువులో శెనక్కాయ వేసిందెవరు?"

"నేనే సార్."

"ఆరువందల ఎనభై అడుగుల లోతున?"

చక్రపాణి మొదటిసారి ఆమెను కొంచెం గౌరవంగా చూశాడు. "కలుపు తీసేటప్పుడు ఊపిరి ఎట్ల పట్టినావమ్మా?" అన్నాడు.

సుంకులమ్మ ఫోను చేస్తే, రుక్సానా మేడం ఆ రోజే ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఆ ప్రాణి గుడ్లన్నీ గట్టురాళ్ళ కిందే ఉన్నాయనీ, చేలో పంట పీకినందువల్ల దానికి ఏ హానీ లేదనీ, అలాగని తాను సంతకం పెడతాననీ. రెండో రోజుకే జవాబు వచ్చింది. 'చేపలు రాళ్ళ క్రింద గుడ్లు పెట్టవు. కావున తమరి లేఖ వేరొక ప్రాణికి సంబంధించినదిగా భావించి తిప్పి పంపడమైనది.'

ఐదో రోజు సుంకులమ్మ ఎవరూ చూడకుండా ఒక్క చెట్టు పీకింది. గలగలమంటూ ముప్పై కాయలు వచ్చాయి. వాటిలో ఒకదాని మూతి పగిలి తెల్లటి మొలక కొన బయటికి చూస్తోంది. ఇంటికి వెళ్ళడం కూడా మాని, ఆ చెట్టును మట్టితో సహా కొంగులో చుట్టుకుని, బస్సెక్కి వీర్రాజు ఆఫీసులో దిగింది. చెట్టును తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇది సూడండి సార్. ఇంక నాలుగు దినాలే. మీ చేపలు సల్లగా ఉండనీ, నా పైరు కూడా బతకాల్ల కదా."

వీర్రాజు ఆ మొలకను చూసి తల పట్టుకున్నాడు. "నేనేం చెయ్యనండీ? తవ్వకూడదు, దున్నకూడదు, కదపకూడదు అనే రాసుందండి. పుస్తకం వంద సార్లు తిరగేశానండి."

"ఆ పుస్తకం ఇట్లియ్యండి."

ఆయన చదివేది గబగబా, రోజూ చూసే దారిలో నడిచినట్టు. సుంకులమ్మ అట్లా చదవలేదు. వేలు పెట్టి, అక్షరం తర్వాత అక్షరం, ఒక్క వరుసా వదలకుండా పోవాల్సిందే. గోడ మీది గడియారం గంట దాటింది. వీర్రాజు రెండుసార్లు టీ తెప్పించాడు. నలభై ఆరో పేజీ అడుగున ఆమె వేలు ఆగింది.

"'జలాశయమునందు పెరిగిన నీటి కలుపును... నిషేధ కాలమందు సైతము... వేళ్ళతో సహా పీకి... ఒడ్డునకు చేర్చవలెను. ఇందులకు శాఖయే మనుషులను సమకూర్చవలెను.' సార్, నీటి కలుపంటే ఏంది?"

"చెరువులో పచ్చగా మొలిచిందేదైనా నీటి కలుపేనండి. అది పెరిగితే చేపలకి ఊపిరాడదు కదండీ, అందుకని..."

ఇద్దరూ కలిసి బల్ల మీది వేరుశనగ చెట్టు వైపు చూశారు.

సుంకులమ్మకు ముందు కోపం వచ్చింది. విత్తనం ఏరి, వాన కోసం ఆకాశం చూసి, మోకాళ్ళ మీద రెండుసార్లు కలుపు తీసి పెంచిన పైరును కలుపనడానికి ఆమెకు నోరు రాలేదు. మొలక కొనను వేలితో ఒకసారి ముట్టుకుంది. తర్వాత నిట్టూర్చి, "రాయండి సార్. కలుపే అని రాయండి" అంది.

వీర్రాజు ఆరేళ్ళ ఆకలంతా తీర్చుకుంటూ రాశాడు. 'సదరు చెరువు నూటికి నూరు శాతము కలుపుతో నిండియున్నది. కలుపు వరుసలు వరుసలుగా, కొలిచి నాటినట్లుగా వ్యాపించుట మిక్కిలి ఆందోళనకరము. తక్షణమే తొలగించనిచో మండల ప్రాణికి ముప్పు.'

చక్రపాణి అది చదివి కుర్చీలో ఎగిరిపడ్డాడు. మండల ప్రాణికి ముప్పు రావడమంటే మాటలు కాదు. మరుసటి రోజు పొద్దున్నే రెండు ట్రాక్టర్లలో ఇరవై నాలుగు మంది మనుషులు దిగారు. లోతైన నీరు కాబట్టి అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించారు. ఎర్రమట్టిలో ఇరవై నాలుగు కాషాయరంగు వీపులు వరసగా వంగాయి. తిప్పక్క ఇంటి పనులన్నీ వదిలేసి, గట్టు మీద చాప పరుచుకుని కూర్చుంది.

"మెల్లగప్పా, మెల్లగ! కుదురు పట్టి లాగండి, కాయ తెగకూడదు! వేళ్ళతో సహా అని రాసుంది, నలభై ఆరో పేజీ!" అని సుంకులమ్మ చాళ్ళ మధ్య తిరుగుతూ అరుస్తోంది.

"ఆమె చెప్పినట్టు చెయ్యండి!" అన్నాడు చక్రపాణి గొడుగు కింద నుంచి. "నియమము నియమమే. ఒక్క వేరు మిగలరాదు."

"కింద రాలిన కాయలు కూడా ఏరిపిచ్చండి సార్. అవి కలుపు గింజలు. వదిలేస్తే మళ్ళా మొలుస్తాయి."

"గింజలు కూడా ఏరండి! ప్రతి గింజా లెక్కే!"

ఇరవై నాలుగు మంది మట్టి జల్లించి మరీ ఏరారు. అంత శుభ్రంగా ఆ చేను ఎప్పుడూ పంట ఇవ్వలేదు. మధ్యాహ్నం రుక్సానా మేడం వచ్చి గట్టురాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. నత్తలు, గుడ్లు, అన్నీ క్షేమం. ఆమె నవ్వు ఆపుకోలేక రాయి మీద కూలబడింది.

సాయంత్రానికి ఒడ్డున, అంటే సుంకులమ్మ కళ్ళంలో, చెట్లు కొండలా కుప్పపడ్డాయి. చక్రపాణి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "దీనిని నీటికి మిక్కిలి దూరముగా పారవేయవలెను. అట్లాంటి చోటు ఊళ్ళో ఉందా?"

"మా మిద్దె ఉంది సార్. దానికన్నా ఎండిన చోటు ఈ చుట్టుపక్కల ల్యా."

మనుషులు తొట్టిలో నింపి మిద్దె మీదికి చేర్చారు. చక్రపాణి పని పూర్తయినట్టు రాసి, సాక్షిగా సుంకులమ్మ చేత సంతకం పెట్టించాడు. ఆమె నాలుక కొన పళ్ళ మధ్య పట్టుకుని, పేరు మొత్తం రాసింది. ఆయన కలం మూత పెట్టబోతూ, ముందుచూపున్న అధికారి కాబట్టి అడిగాడు.

"ఈ కలుపు మళ్ళీ వస్తుందా అమ్మా?"

"వానలు పడితే వస్తుంది సార్. నేనుండగా రాకుండా ఎట్ల పోతుంది?"

"అయితే మొలిచిన వెంటనే కబురు చెయ్యి. మనుషులను పంపిస్తాము."

"వెంటనే వద్దు సార్!" సుంకులమ్మ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది. "లేతలో పీకితే వేరు తెగి లోపలే ఉండిపోతుంది. నూటపది దినాలు ఆగల్ల. ఒక పదును పడినాక పంపిచ్చండి, సులువుగా వస్తుంది."

"ఇంత అనుభవమున్నవాళ్ళు మా శాఖలో కూడా లేరండి" అన్నాడు పక్కనే నిలబడ్డ వీర్రాజు, నేల చూపులు చూస్తూ.

చక్రపాణి తలూపి, కలం మూత మళ్ళీ తీసి, వచ్చే ఏటి కార్యక్రమంలో రాసుకున్నాడు. 'నూటపది దినముల పిదప. పదును చూసుకొని.'